బుల్లి కనపడని ఆదివారం

అక్కకి,

నీ ఉత్తరం అందింది. "ఫోనులో బొమ్మ కనపడేలా మాట్లాడదామే, నీ మొహం చూడాలనుంది" అని ఎన్నిసార్లు రాస్తావు? ఉన్నట్టుండి నా మొహం మీద ఇంత మోజేమిటి? అరవై దాటాక అందులో చూడటానికి ఏం మిగిలిందని?

నన్ను పిరికిదాన్ని అనుకున్నా పర్లేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బతుకంతా ఈ ఊరి లైను ఆ ఊరి లైనుకి కలిపినదాన్ని. మాట కలిసిందో లేదో తెలుసుకోవడానికి మేం కాసేపు లైనులో ఉండి వినేవాళ్లం. మధ్యలో మేమున్నామని మాట్లాడుకునేవాళ్లకి గుర్తే ఉండేది కాదు. అందుకే ఇంటర్నెట్ అంటే నాకు గుండె దడ. మధ్యలో ఎవరు కూర్చున్నారో, ఏం చూస్తున్నారో తెలియదు. ఎవరూ లేరంటే మాత్రం నేను నమ్మను.

పక్క వాటా డ్రాయింగు మేష్టారు పాపం ఏదో నొక్కితే, పోయిన భార్య ఫోటోలన్నీ మాయమైపోయాయి. ఇప్పటికీ ఆయన ఫోనుని అరచేతిలో తేలుని పెట్టుకున్నట్టు పట్టుకుంటాడు. నా కొత్త ఫోనైతే అల్మరాలో దుప్పట్ల కింద బోర్లా పడుకుని ఉంది. మాటలకి పాత బటన్ల ఫోను చాలదూ? అందులో నా మాట ముద్దగా వస్తోందన్నావు. కట్టుడు పళ్లు కొత్తవి, ఇంకా కుదురుకోలేదు, అంతే.

నీది ఉడుం పట్టు, నాకు తెలుసు. సరే, వచ్చే ఆదివారం ప్రయత్నిస్తాను. ఏదైనా కొంప మునిగితే పూచీ నీదే.

నీ బుల్లి

* * *

బుల్లీ,

బస్సులో టికెట్లు కొట్టిన చేతికి ఉత్తరం రాయాలంటే చెమటలు పడతాయి. కానీ ఇల్లు రెండు గదులే, ఫోను చేస్తే మీ అక్క వింటుంది. అందుకని ఆవిడ పడుకున్నప్పుడు రాస్తున్నాను.

అక్క కళ్లు పాడవుతున్నాయి. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. కుట్టుపని ఇంకా మానలేదు గానీ, సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను. చూపు నడిమధ్య దెబ్బతింటోందట. "ఒకరోజు ఎదురుగా నల్లటి మచ్చ కమ్మేస్తుంది, చుట్టూ అంచులు మాత్రం కనపడతాయి. కంట్లో ఇంజెక్షన్ మానకపోతే దాన్ని ఆపే వీలుంది" అంది డాక్టరమ్మ. అది రాకముందే నీ మొహం చూసుకోవాలని ఆవిడ తాపత్రయం.

ఆదివారం నేను వంటింట్లో ఉన్నాను. "బుల్లీ, కనపడటం లేదే" అని అక్క అనడం విన్నాను. "నువ్వు నాకు బాగా కనపడుతున్నావక్కా. మా వైపు బాగానే ఉంది, మీ వైపే ఏదో" అన్నావు నువ్వు. నేను వచ్చేసరికి ఫోను బోర్లించేసి కూర్చుంది. ఫోను అంచులు కనపడ్డాయట, కింద ఎర్ర బొత్తం కనపడిందట, మధ్యలో మాత్రం కటిక నలుపట. "వచ్చేసిందండీ" అంది.

అప్పటినుంచి కళ్లు తెరవడం లేదు. గోడ పట్టుకుని నడుస్తోంది. ఒక్కసారి తెరిచి చూడమని బతిమాలితే, "తెరిచాక మీ మొహం కూడా లేకపోతే?" అంటోంది. గురువారం ఇంజెక్షన్ ఉంది. పోయిన కంటికి పొడుపులెందుకని రానంటోంది. మానేస్తే ఉన్నది కూడా పోతుందని నా భయం. నా మాట వినదు. నువ్వయినా చెప్పు.

బావ

* * *

అక్కా,

నిన్న మనిద్దరికీ ఏడవడమే సరిపోయింది. నా మాట అసలే ముద్ద, ఏడుపుతో ఇంకా ముద్దయింది. అందుకే రాస్తున్నాను.

నావి కట్టుడు పళ్లు కావు. చలికాలం మొదట్లో ఒక పొద్దున్న పుక్కిలిస్తుంటే నీళ్లు పక్కనుంచి కారిపోయాయి. మూతి ఒక పక్కకి లాగేసింది. తగ్గుతుందన్నారు, సగమే తగ్గింది. మధ్యలో ఎవడో చూస్తాడన్న భయం నాకు నిజంగానే ఉంది. కానీ వాడికంటే నువ్వు చూస్తావనే ఎక్కువ భయపడ్డాను. నీ మొహంలో జాలి కనపడితే తట్టుకోలేను.

అందుకని ఆదివారం ఫోను కెమెరా మీద, వేలు తెగితే వేసుకునే ప్లాస్టరు అంటించాను. బొమ్మ రాకపోతే ఫోను మంచిది కాదనుకుని వదిలేస్తావనుకున్నాను. లైను కలవనప్పుడల్లా "మా వైపు బాగానే ఉందండీ, మీ వైపే ఏదో" అనడం ఎక్స్ఛేంజిలో మాకు అలవాటు. ఆలోచించకుండా నీతోనూ అదే అన్నాను. నీ కళ్లు మూయించింది నేనే అక్కా.

బావగారి ఉత్తరం చదివి ప్లాస్టరు పీకి పారేశాను. నీకు చేయబోయి తప్పు నొక్కితే, ఫోను పక్క వాటా మేష్టారికి పోయింది. ఇన్నాళ్లూ మూతికి కొంగు అడ్డం పెట్టుకునే ఆయనతో మాట్లాడాను. ఆయన నన్ను తేరిపార చూసి, "ఫోను వంకరగా పట్టుకున్నారండీ, సరిగ్గా పెట్టండి" అన్నాడు. "ఫోను కాదు మేష్టారూ, మూతే వంకర" అని పెట్టేశాను. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది, అప్పుడు రాలేదు.

తర్వాత నువ్వు. కళ్లు బిగించుకుని బావగారి చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. ప్లాస్టరు సంగతి చెబితే, "నన్ను ఊరడించడానికి కథలు చెప్పకే" అన్నావు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా మాట నమ్మక నువ్వు ఇంజెక్షన్ మానేస్తే? "నా మూతి వంకరపోయిందే, నవ్వుకో, తిట్టుకో, కానీ ఒక్కసారి చూడు" అని అరిచాను. నువ్వు ఒక కన్ను తెరిచావు. నా చెయ్యి నోటి మీదికి రాబోతే రెండో చేత్తో పట్టుకున్నాను. ఎంతసేపు చూశావో!

"ఎడమ పక్కకేనా?" అన్నావు.

జాలి కోసం నీ మొహమంతా వెతికాను. నా వంకర మూతి చూసి అంత సంబరపడిన మనిషి లోకంలో నువ్వొక్కదానివే అయ్యుంటావు.

ఇవాళ గురువారం. ఈపాటికి నువ్వు ఆ గదిలోకి వెళ్లుంటావు. ఆ నలుపు ఏదో ఒకరోజు నిజంగానే వస్తుందేమోనని నాకు భయంగానే ఉంది. బయటికి రాగానే చేస్తానని బావగారు మాటిచ్చారు. ఫోను గ్లాసుకి ఆనించి ఎదురుగా పెట్టుకున్నాను. నీ రెండు కళ్లకీ కట్టు కట్టి ఉంటారు, ఇవాళ నువ్వు నన్ను చూడలేవు. అయినా మొహం కడుక్కుని, తల దువ్వుకుని కూర్చున్నాను.

నీ బుల్లి