ఈత తొట్టికి ఒక వల

4 జనవరి 1898, మంగళవారం

మద్రాసు బ్రష్ కూడా చచ్చింది. సరిగ్గా పంతొమ్మిది రోజులు బతికింది. పొద్దున తొట్టి గోడ మీద ఒక్క రుద్దు రుద్దేసరికి కుచ్చులన్నీ ఊడి నీళ్ల మీద తేలాయి. పాచి తీద్దామని వెళ్లినదాన్ని, బ్రష్ వెంట్రుకలు ఏరుకుంటూ గంటసేపు గట్టు మీద కూర్చున్నాను. పిల్లలు చూసి నవ్వారు. నేనూ నవ్వి ఉండవలసింది, కానీ కోప్పడ్డాను.

దీనికంటే ముందు తెప్పించిన ఇనుప తీగల బ్రష్ సంగతి సరేసరి. అది పాచితో పాటు సున్నపు గచ్చును కూడా గీకేసింది. తర్వాత తుప్పు పట్టి, తొట్టి అడుగున ఎర్ర మరకలు మిగిల్చింది.

కాటలాగులో ప్రతి వస్తువు కిందా డ్యూరబుల్ అని అచ్చు వేస్తారు. ఎన్నాళ్లు డ్యూరబులో మాత్రం వేయరు.

6 జనవరి, గురువారం

మిషన్ కమిటీకి వెళ్లవలసిన రిపోర్టుకు ఫెయిర్ కాపీ రాశాను. బడి నడిపే మిస్సమ్మగారి ఇంగ్లీషు, నా దస్తూరీ. అందులో ముఖ్యంగా ఉన్నది ఇది. రాజమండ్రి బోర్డింగ్ బడిలో ఆడపిల్లలు నలభై ఇద్దరు. స్విమ్మింగ్ బాత్ పొడవు ముప్పై అడుగులు, వెడల్పు పదిహేను. లోతు ఒక కొసన మూడు అడుగులు, రెండో కొసన నాలుగున్నర. 1896 జూన్‌లో సెలవులు ముగించుకుని బడికి వస్తున్న పిల్లల రహదారి పడవ కాలువలో బోల్తాపడి ఇద్దరు పోయినందువల్ల, ప్రతి పిల్లకూ ఈత నేర్పడానికి దీన్ని కట్టించడమైనది.

ఇద్దరు అనే ఉంది. పేర్లు లేవు. అందులో ఒకతె మా చెల్లెలు బేబి. పదిహేనేళ్లది.

కాపీ ఒక్క కొట్టివేత లేకుండా పూర్తిచేశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి రూతూ అని మిస్సమ్మగారు మెచ్చుకున్నారు కూడా.

నీళ్లు పచ్చబడుతున్నాయనీ, తొట్టి దగ్గర నేను రూల్స్ బోర్డు పెట్టాననీ కూడా రిపోర్టులో చెరొక వాక్యం ఉంది. కాళ్లు కడుక్కోనిదే దిగరాదు. నూనె రాసుకుని దిగరాదు. జుట్టు గట్టిగా ముడి వేసుకోనిదే దిగరాదు. నీళ్లలో రాలిన జుట్టు తీయడమంత పాడు పని ఇంకోటి లేదు. ఈత మిస్సమ్మగారే నేర్పుతారు, నేను మాత్రం ఎప్పుడూ నీళ్లలో దిగను. గట్టు మీద నిలబడి వెదురు గెడతోనే నా పని.

20 జనవరి, గురువారం

కమిటీ జవాబు వచ్చింది. పచ్చబడిన నిలవ నీటి వల్ల జ్వరాలు వస్తాయట. ఏప్రిల్ రెండో తారీఖున డాక్టర్ దొరగారు వచ్చి చూస్తారట. అడుగు కనబడకపోతే తొట్టిని మట్టితో పూడ్చి, గులాబీలు వేసుకోమన్నారు.

నీళ్లు మారుద్దామంటే మోట బావి ఇప్పటికే అడుగంటుతోంది. ఈ వేసవికి ఇంకొక్కసారి నింపగలమేమో. ఉన్న నీళ్లనే శుభ్రంగా ఉంచుకోవాలి. మంచి బ్రష్ ఒకటి, నీళ్లలో తేలే చెత్త, జుట్టు తీయడానికి ఒక సన్నకన్ను వల. అడిగేది ఈ రెండే. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట గట్టివి ఉండకపోవు.

నలభై ఇద్దరిలో ఇప్పటికి ఈత వచ్చినవాళ్లు పదకొండుగురు. మే నెలలో అందరూ మళ్లీ ఆ పడవలే ఎక్కి ఇళ్లకు పోతారు.

9 ఫిబ్రవరి, బుధవారం

కిందటి అక్టోబరులో ఆర్డరిచ్చిన లండన్ బ్రష్ పోయిన శనివారం వచ్చింది. కాకినాడ దాకా స్టీమరులో, అక్కడి నుంచి కాలువ మీద పడవలో. మిస్సమ్మగారూ నేనూ పెళ్లికూతుర్ని చూసినట్టు పార్సెల్ విప్పి చూశాం. ముదురు గోధుమరంగు కుచ్చులు, మొద్దుగా, బిర్రుగా ఉన్నాయి.

వంటచేసే అచ్చాయమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒక కుచ్చు వేలితో మీటి చూసింది. ఇది మన తాటినారే కదండీ అంది. కాకినాడ రేవులో ఓడలకు ఎక్కించేది ఇదే కదండీ, మా మావయ్యోళ్లు నార తీసే పనే చేసేవోరండి అంది. మన కోనసీమ తాటిమట్టల నార సముద్రం దాటి వెళ్లి, పాలిష్ చేసిన చెక్కకు తగులుకుని తిరిగి వచ్చిందన్నమాట. మిస్సమ్మగారు కుర్చీలో కూలబడి చాలాసేపు నవ్వారు.

బ్రష్ బాగానే ఉంది గాని చెక్కపిడి జానెడే. బట్టల బ్రష్. గెడకు కడితే రెండు రోజుల్లో నాని చీలింది. గెడతో రుద్దేవి కావాలంటే గోదావరి ఒడ్డున చిట్టెమ్మను అడగండమ్మా అంది అచ్చాయమ్మ. వాళ్లాయన పల్లంరాజు పడవల అడుగులు రుద్దుకునే బ్రష్షులు స్వయంగా కడతాడట. వల అల్లడంలో అతణ్ణి మించినవాడు లేడట.

చీలిన చెక్కపిడి తీసుకుని నేను తొట్టి దగ్గరికి వెళ్లిపోయాను.

చిట్టెమ్మ ఆ రోజు అదే పడవలో ఉంది. ఎండుచేపల గంపతో ద్రాక్షారామం వైపు నుంచి తిరిగొస్తోంది. పడవ తిరగబడ్డాక ముగ్గురు పిల్లల్ని ఒడ్డుకు లాగింది. బేబిని లాగలేదు. బోర్డింగుకు చేపలు తెచ్చినప్పుడల్లా నేను గదిలోకి వెళ్లిపోతాను. ఏడాదిన్నరగా ఇంతే. ఆవిడ తప్పేమీ లేదని తెలుసు. అయినా ఆవిడ మొహం చూడలేను.

17 ఫిబ్రవరి, గురువారం

అడుగు కనబడడం లేదు. ఇవాళ ఒక పిల్ల పాచి మీద జారి గడ్డం చితక్కొట్టుకుంది.

21 ఫిబ్రవరి, సోమవారం

వెళ్లాను.

చిట్టెమ్మ ఇసుక మీద చేపలు ఎండేస్తోంది. నన్ను చూసి లేచి నిలబడి, కొంగు సర్దుకుని, పంతులమ్మగారా అంది. నేను తొట్టి కొలతలు చెప్పాను. ఆ ఒక్క విషయమే మాట్లాడాను. పల్లంరాజు వల అల్లుతూనే విని, తొట్టి గోడ ఇటికా, గచ్చా అని అడిగాడు. గచ్చు అన్నాను. అయితే నార మరీ బిరుసు పనికిరాదండి, రెండు రోజులు నీళ్లలో నానేసి దంచాలండి అన్నాడు. ఇన్నాళ్లూ ఏ కాటలాగూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

వచ్చేటప్పుడు చిట్టెమ్మ రేవు మెట్ల దాకా నా వెనకే వచ్చింది. ఏదో చెప్పబోయింది. నేను త్వరగా నడిచాను.

3 మార్చి, గురువారం

వచ్చాయి. బ్రష్ అడుగున్నర వెడల్పు, గెడకు తాడుతో బిగించారు, మేకు అన్నది లేదు. గోడ మీద ఆడిస్తే పాచి పొరలు పొరలుగా లేచి వచ్చింది, గచ్చు చెక్కు చెదరలేదు. నాకు నిజంగా సంతోషం వేసింది.

వల కూడా అందంగా అల్లాడు. బెత్తం వంచి కట్టిన చట్రం, చిటికెన వేలి గోరు కూడా దూరనంత సన్నకన్ను. కానీ రంగు మురికి ఎరుపు, పైగా ఒకటే కంపు. అలాంటిది పిల్లలు మునిగే నీళ్లలో ఎలా ముంచడం? చాకలి బుల్లియ్యను పిలిచి చౌడుమన్ను నీళ్లలో ఉడకెయ్యమన్నాను. ఒకసారికి వదల్లేదు, రెండోసారి వేయించాను. సాయంత్రానికి మల్లెపూవులా తెల్లగా వచ్చింది. మిస్సమ్మగారికి చూపించాను. బడి మొత్తంలో ఇంత తెల్లటి వస్తువు లేదన్నారు.

16 మార్చి, బుధవారం

వల చిరిగిపోయింది. చిరగడం కూడా కాదు, పొద్దున నీళ్లలోంచి ఎత్తితే తడిసిన కాగితంలా చేతిలో ఊడి వచ్చింది. పదమూడు రోజులు. మద్రాసు బ్రష్ కంటే ఆరు రోజులు తక్కువ.

అచ్చాయమ్మ కబురు చేస్తే చిట్టెమ్మే వచ్చింది. ఈసారి నేను గదిలోకి వెళ్లలేదు. చూపించాను. ఆవిడ పీలిక ఒకటి వాసన చూసి, ఉడకబెట్టేశారా అండి అంది. మురికిగా ఉంటే అన్నాను. అది మురికి కాదండి, తుమ్మచెక్క రసమండి అంది. తుమ్మ బెరడు కాచి, అందులో వలను రాత్రంతా నానబెట్టి, ఎండేసి, మళ్లీ నానబెట్టి, అలా మూడు సార్లు చేస్తారట. అది పట్టిన దారం ఏళ్ల తరబడి నీళ్లలో కుళ్లదట. మీరు తెల్లగా చేసేసరికి దాని పేణం పోయిందండి అంది. కోపంగానే అంది. ఆయన వేళ్లు పగిలిపోయాయండి ఆ సన్నకన్నుకి అంది. తప్పయిపోయింది చిట్టెమ్మా అన్నాను. బడిలో నా నోట ఆ మాట ఎవరూ విని ఉండరు.

ఆవిడ తొట్టి గట్టు మీద చతికిలబడింది. నేనూ కూర్చున్నాను. అప్పుడు అడిగాను. ఏడాదిన్నరగా అడగనిది. ముగ్గుర్ని లాగినదానివి, మా బేబిని ఎందుకు వదిలేశావు అని.

ఆవిడ తప్పించుకోలేదు. నీళ్లు బురదెత్తిపోయాయండి, ఎవరు ఎవరో కనబళ్లేదండి అంది. చేతులతో తడుముతూ ఏ జడ అందితే ఆ జడ పట్టి లాగేనండి అంది. జడ దొరికితే మనిషి దొరికినట్టేనండి, చీర పట్టుకుంటే ఊడొచ్చేస్తాది, చెయ్యి పట్టుకుంటే మనల్నే ముంచేస్తారు అంది. మూడు జడలు దొరికాయండి అంది. ఇంకా మూడుసార్లు మునిగేనండి, ఇంక జడ దొరకలేదు అంది.

ఏడుస్తూ అంది. నేను ఏడవలేదు. మళ్లీ వల అల్లి పెట్టమని మాత్రం అడిగాను.

17 మార్చి, గురువారం

రాయకపోతే ఇది ఎక్కడికీ పోదు. రాస్తున్నాను.

బేబి పడవ ఎక్కిన ఆ పొద్దున నాకు జ్వరం. బేబి ముందు వెళుతోంది, రెండు రోజుల తర్వాత నేను వెళ్లాలి. జడ వేసుకుంటానంది. జడ చివర కుచ్చులు కూడా తీసి పెట్టుకుంది. బోర్డింగు పిల్ల పల్లెటూరి పిల్లలా జడ వేలాడేసుకుని దిగితే మిస్సమ్మగారు ఏమనుకుంటారని నేనే కోప్పడ్డాను. మంచం మీద కూర్చునే తల దువ్వాను. నూనె పెట్టి, గట్టిగా ముడి చుట్టి, పిన్నులు గుచ్చాను. ఒక్క వెంట్రుక కూడా బయటికి రాలేదు. ఎంత నీటుగా ఉన్నావో చూడు అన్నాను.

28 మార్చి, సోమవారం

రెండో వల వచ్చింది. ఎర్రటిది, కంపు కొట్టేది. వాళ్ల ఆనవాయితీ ప్రకారం పల్లంరాజు దాన్ని ముందు గోదావరిలో ముంచి, పడిన మొదటి చేపను మళ్లీ నీళ్లలో వదిలేసి తెచ్చాడు. అలా చెయ్యకుండా కొత్త వల ఇంకొకరి చేతికి ఇవ్వరట. ఇదివరకటి నేనైతే మూఢాచారం అనేదాన్ని. ఇవాళ ఎన్ని చేపలు పడ్డాయని అడిగాను. ఒక్కటేనండి, జెల్ల అన్నాడు.

బావిలో మిగిలిన నీళ్లతో తొట్టి ఆఖరుసారి నింపాం. రోజూ రెండు పూటలా బ్రష్, మూడు పూటలా వల.

రూల్స్ బోర్డు మీద మూడో లైను చెరిపి కొత్తగా రాశాను. నీళ్లలో దిగే ప్రతి పిల్లా జడతోనే దిగవలెను. ఎందుకని మిస్సమ్మగారు అడిగారు. జడ వేస్తే జుట్టు తక్కువ రాలుతుందన్నాను. అబద్ధం. ఇప్పుడు రెట్టింపు రాలుతోంది. వల తీస్తోంది.

2 ఏప్రిల్, శనివారం, మధ్యాహ్నం

డాక్టర్ దొరగారు వచ్చారు. గోడ మీద వేలితో రాసి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. కోటు గుండీ ఒకటి తెంపి లోతు వైపు పడేశారు. గుండీకి ఎన్ని కన్నాలో గట్టు మీది నుంచి లెక్కపెట్టమన్నారు. నాలుగు అని పిల్లలంతా ఒక్కసారి అరిచారు. వాళ్లలో సత్యకుమారి మునిగి గుండీ తెచ్చి, తడి చేత్తో ఆయన అరచేతిలో పెట్టింది.

పూడ్చరు. కాగితం మీద రాసి ఇచ్చారు.

ఈ సామాను ఏ కంపెనీదని అడిగారు. మిస్సమ్మగారు నా వైపు చూశారు. చిట్టెమ్మ, పల్లంరాజు, గోదావరి ఒడ్డు అని చెప్పాను. ఆయన నోట్‌బుక్కులో రాసుకున్నారు. ఎన్నాళ్లు మన్నుతాయి అన్నారు. ఉడకబెట్టకపోతే చాలా ఏళ్లు వస్తాయన్నాను.

సెలవులకు ఇంకా నెలే ఉంది. ఇప్పటికి ఈత వచ్చినవాళ్లు ఇరవై ఆరుగురు. నన్ను కలపకుండా.

4 ఏప్రిల్, సోమవారం, పొద్దున ఏడు గంటలు

ముడి విప్పి జడ వేసుకున్నాను. జడ కొస చిట్టెమ్మ చేతికిచ్చి నీళ్లలో దిగాను. వదలొద్దు అన్నాను. వదలనండి అంది.