ఐసు బండి అబూ కరీం

అజ్మాన్,
12 సెప్టెంబరు 2004.

ఖుర్షీదాకు,

సలాం. ఒంటి మట్టుకు నేను బాగానే ఉన్నాను. నువ్వూ, అమ్మా, ఫైజా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి మనసు కాస్త కుదుటపడింది. అది అంది పది రోజులైంది. జవాబు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చింపేశాను. ఆలస్యానికి కోపం తెచ్చుకోకు.

ముందు నువ్వు అడిగినవాటికి చెబుతాను. అమ్మ మోకాళ్లకు పంపిన నూనె గోరువెచ్చగా చేసి రాయాలి. ఫైజాను రాయచోటిలో ఇంగ్లీషు బడిలో వేయమంటావా అన్నావు. వెయ్యి. బస్సంటే భయమైతే మీ చిన్నాన్న ఆటోలో పంపు. బోరులో నీళ్లు తగ్గాయంటున్నావు కాబట్టి ఈ ఏడు టమోటా జోలికి పోవద్దు. నేను చేసేది హలాల్ వంటేనా అని అమ్మ అడగమన్నదట. ఇప్పుడు పని చేస్తున్న కెఫెటేరియాలో హలాలే. అంతకుముందు సంగతి కింద రాస్తాను.

ఇక ఇలియాస్ మాట. "నా తమ్ముడు వస్తున్నాడు, దగ్గరుండి చూసుకో" అని రాశావు. వాడు నీ ఉత్తరం కంటే ముందే వచ్చాడు. పద్దెనిమిది రోజులు నా గదిలోనే ఉన్నాడు. ఇప్పుడు వెనక్కి వస్తున్నాడు. ఈ ఉత్తరం కంటే ముందే ఇల్లు చేరి, "బావ నా బతుకులో మన్ను పోసినాడు" అని నీతో చెప్పే ఉంటాడు. నిజమే, పోశాను. ఎందుకు పోశానో తెలియాలంటే నీకు ఇంతకాలం చెప్పని సంగతి చెప్పాలి.

పోయినేడు జూన్ నుంచి ఈ ఏడు ఏప్రిల్ దాకా నేను అజ్మాన్‌లో లేను. ఇరాక్‌లో ఉన్నాను.

ఆ పది నెలల్లో నీకు వచ్చిన ఉత్తరాలన్నీ అక్కడ రాసినవే. ఇటు వచ్చేవాళ్ల చేతికి ఇస్తే, నా గదిలో ఉండే నన్నే సాహెబ్ అనే ఆయన ఇక్కడి స్టాంపులు అంటించి పోస్టు చేసేవాడు. సాయంత్రం సముద్రం ఒడ్డున నడిచొచ్చాను, గాలి చల్లగా ఉంది అని ఒకసారి రాశాను, గుర్తుందా? ఆ ఉత్తరం చదివి ఫైజా గవ్వలు తెమ్మన్నది. ఆ రోజు నేను ఇసుక మూటల వెనక బోర్లా పడుకుని, అరచేతులతో చెవులు మూసుకుని ఉన్నాను.

యుద్ధం మొదలయ్యాక మా హోటల్‌కు వచ్చేవాళ్లు తగ్గిపోయి, వంటవాళ్లలో సగం మందిని తీసేశారు. అప్పుడే ఒక కాంట్రాక్టరు మనిషి వచ్చి, కువైట్‌లో క్యాంపు, మూడు నెలల వంట పని అన్నాడు. కువైట్‌లో దిగీ దిగకముందే పాస్‌పోర్టులు తీసుకున్నారు. మర్నాడు పొద్దున్నే బస్సు ఎక్కించారు. సరిహద్దు దాటాక గానీ ఎక్కడికి పోతున్నామో మాకు తెలియలేదు. దిగుతామని అన్నవాళ్లతో, "దిగండి, నడుచుకుంటూ పోండి" అన్నాడు ముదీర్, మమ్మల్ని తీసుకుపోయే మేనేజరు. చుట్టూ ఇసుక.

అమెరికా సిపాయిల క్యాంపు అది. పెద్ద డేరాలో వంట, పక్క డేరాలో భోజనాలు. పొద్దున ఫలహారానికి పంది మాంసం వేయించే వంతు నాకే పడేది. చేతికి తొడుగులు వేసుకునేవాణ్ణి. రాజంపేట వైపు అల్లాబకాష్ అని నాతోపాటు వచ్చినవాడు ఒకడుండేవాడు. నేను బాండలి ముందు నిలబడి మొహం పక్కకు తిప్పుకుంటే, "యాల అన్నా అట్ల జేస్తావ్? అల్లాకు తెల్దా మనమేం తినడంల్యాదని?" అని నవ్వించేవాడు. అమ్మకు ఇది చెప్పాలో వద్దో నువ్వే చూసుకో.

ఆ క్యాంపుకు రోజూ ఐసు గడ్డలు తెచ్చే ముసలాయన పేరు అబూ కరీం. పక్క ఊరివాడు. డొక్కు వ్యాను, వెనక గోనెపట్టాలు కప్పిన ఐసు. వంటవాళ్లలో అరబ్బీ నాలుగు ముక్కలు వచ్చింది నాకొక్కడికే కాబట్టి ఆయన నాతోనే మాట్లాడేవాడు. నన్ను "అఖీ" అని పిలిచేవాడు, అంటే తమ్ముడని. నాకు కూతురుందని తెలిసిన మర్నాడు ఖర్జూరాలు తెచ్చి, "నీ బిడ్డకు" అన్నాడు. ఇంత దూరం పంపలేనంటే, "అయితే ఆమె పేరు చెప్పుకుని నువ్వు తిను" అన్నాడు. రోజూ పోతూ పోతూ ఒకటే అడిగేవాడు, రేపు భోజనం ఎన్నింటికని. సిపాయిల భోజనం వేళ రోజుకో తీరుగా మారేది. గంట ముందు వస్తే ఐసు నిలుస్తుంది, మరీ ముందొస్తే నీళ్లయిపోతుంది. అందుకే ఆ ప్రశ్న.

సెప్టెంబరులో ఒక రోజు సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళకు భోజనాల డేరా మీద గుండ్లు పడ్డాయి. నేను వంట డేరాలో ఉన్నాను. అల్లాబకాష్ అన్నం ట్రే పట్టుకుని అప్పుడే అటు వెళ్లాడు. ఖుర్షీదా, వాణ్ణి నేను చెప్పులు చూసి గుర్తుపట్టాను.

మర్నాడు మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి అడిగారు. ఒక ఆఫీసరు మర్యాదగా కూర్చోబెట్టి, "భోజనం వేళల గురించి బయటివాళ్లు ఎవరైనా నిన్ను అడుగుతారా?" అన్నాడు. అడుగుతాడు, ఐసు తెచ్చే అబూ కరీం అన్నాను. "ఎప్పుడెప్పుడు?" అన్నాడు. రోజూ అన్నాను.

అంతే అన్నాను. ఐసు కరిగిపోతుందని అడుగుతాడు సార్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అరబ్బీలో ఆయనతో మాట్లాడేది నేనొక్కణ్ణే. వెనకేసుకొస్తే ఇద్దరం ఒకటే అనుకుంటారని భయపడ్డాను. భయం ఒక్కటే కాదు. అల్లాబకాష్ పోయిన కసి కూడా ఉంది. ఎవడో ఒకడు దానికి అనుభవించాలనిపించింది. నేను అబద్ధం ఆడలేదు. అదే నన్ను ఇప్పటికీ తింటోంది.

ఆ రోజు ఆయన వ్యాను రాగానే కిందికి దించి, చేతులు వెనక్కి కట్టి, తలకు సంచి తొడిగి తీసుకుపోయారు. సంచి తొడిగే ముందు ఆయన నా వైపు చూసి "అఖీ" అన్నాడు. నేను టమోటాలు కోస్తూ ఉన్నాను. వ్యానులో ఐసు అక్కడే కరిగి నేలంతా తడిసింది.

నాలుగో రోజు ఆయన భార్య గేటు దగ్గరికి వచ్చింది. ఆమె చెప్పేది తెలియక సిపాయిలు నన్ను పిలిపించారు. నల్ల బట్టల్లో ఉంది, మన అమ్మ వయసు. నన్ను చూడగానే కంచె పట్టుకుని, "నువ్వే కదూ ఆయన చెప్పే ఇండియా తమ్ముడివి? చెప్పు వీళ్లకు, ఐసు తప్ప ఇంకేం తెలియదని చెప్పు. బస్ థల్జ్, బస్ థల్జ్" అన్నది. ఐసే, ఐసే అని.

సిపాయి ఏమంటోందని అడిగాడు. మొగుడి కూలి డబ్బుల కోసం వచ్చిందని చెప్పాను.

వాడు లోపలికి పోయి నాలుగు నోట్లు తెచ్చి కంచె సందులోంచి ఇచ్చాడు. ఆమె వాటిని చూసి, నన్ను చూసింది. "ఏం చెప్పావు?" అని మెల్లగా అడిగింది. నేను, "ఖలాస్. వెళ్లమ్మా, వెళ్లు" అన్నాను.

ఆమె నోట్లు అందుకోలేదు. తిట్టనూ లేదు. అవి కంచెకు అవతల కింద పడితే, తొక్కకుండా పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది. అబూ కరీం మళ్లీ రాలేదు. ఆయన ఏమయ్యాడో నేను ఎవరినీ అడగలేదు. పాస్‌పోర్టు చేతికొచ్చే దాకా ఇంకో ఏడు నెలలు అదే బాండలి ముందు నిలబడ్డాను.

ఇలియాస్ వచ్చింది ఆ కాంట్రాక్టరు మనుషుల ద్వారానే. ఇరాక్‌కు పోవద్దురా అని బతిమాలాను. గుండ్ల సంగతి, అల్లాబకాష్ సంగతి చెప్పాను.

"నువ్వు పోయొచ్చినావు గదా బావా. ఆ దుడ్డుతో ఊళ్లో మిద్దె ఏసినావు. నేను పోతేనే తప్పొచ్చెనా?" అన్నాడు.

"చస్తావు రా."

"రాసిపెట్టింటే రాయచోటి బస్టాండులోనైనా సస్తా."

వాడు చస్తాడనే భయం సగమే. మిగతా సగం వాడు బతికి నాలాగా తిరిగొస్తాడని. ఆ సగం చెప్పాలంటే అబూ కరీం పేరెత్తాలి. వాడి ముందు ఎత్తలేకపోయాను.

అందుకని వాళ్లను పంపించే రోజు బర్ దుబాయ్‌లో ఆ ఆఫీసుకు నేనూ వెళ్లాను. పేర్లు పిలిచే గుమాస్తా వీరరాఘవరావు అని మన తెలుగాయనే. ఆయన దగ్గరికి పోయి, "సార్, వీడు నా బామ్మర్ది. వీడికి మూర్ఛ రోగం ఉంది. దాచిపెట్టి వచ్చాడు" అన్నాను.

"అబద్ధం సార్! నాకేం రోగం ల్యా! ఏం మాట్లాడుతాండావ్ బావా?" అని ఇలియాస్ అరిచాడు. ఒళ్లంతా వణుకుతూ అరిచాడు. ఆ వణుకు చూసి వీరరాఘవరావు పేరు కొట్టేశాడు. ఆ వరుసలో మన తాలూకా వాళ్లు నలుగురున్నారు. వాళ్లు ఊరికి ఫోన్లు చేశారు. మొన్న వాడికి నిశ్చయమైన తహ్మీనా వాళ్ల నాన్న ఖాసిం మామ నాకే ఫోను చేసి, "నిశ్చితార్థం నాడు ఈ మాట యాల దాపెట్టిరి?" అని అడిగాడు. ఆయన ఫోను పెట్టేశాడు.

ఇలియాస్ నాతో మాట్లాడటం మానేశాడు. విమానాశ్రయంలో ఖర్చులకని డబ్బు చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వాడి పెళ్లి నా వల్ల చెడిపోకూడదు. వాడికి ఏ రోగమూ లేదని నువ్వు నోటిమాటగా చెబితే, తమ్ముడి కోసం కప్పిపుచ్చుతున్నావని అంటారు. నేనెందుకు అలా అన్నానో తెలిస్తేనే నమ్ముతారు. కాబట్టి ఖాసిం మామనూ, తహ్మీనానూ, మన అమ్మనూ కూర్చోబెట్టి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆ తరువాత ఊళ్లో నన్నేమంటారో నాకు తెలుసు. అననీ. నన్ను రమ్మంటావో వద్దంటావో అది నీ ఇష్టం. వద్దన్నా నెలనెలా పంపేది ఆగదు.

ఒక్కటే కోరేది. చదివేటప్పుడు ఏ ముక్కా దాటేయకు. గేటు దగ్గర ఆమెతో నేనన్న మాట వచ్చినప్పుడు గొంతు తగ్గించకు.

ఇట్లు,
ఫైజా తండ్రి,
నీ భర్త
ఖాదర్ హుస్సేన్