జిన్నింగ్ మిల్లు లేత్

బుధవారం, బ్రాడీపేట

మా తుపాకుల రిపేరు షాపంటే నాకు నామోషీ అని ఇంట్లో తీర్మానించేశారు. "ఆ పాత లేత్ వద్దంటోంది గానీ, దాని కోపం లేత్ మీద కాదండీ, షాపు మీద. బీటెక్ చదివింది కదా," అంది అమ్మ నాన్నకు వడ్డిస్తూ. నేను అక్కడ లేనట్టే.

షాపులో ఇనుప ముక్కల్ని తిప్పుతూ చెక్కే లేత్ మిషను మూలపడింది. అందుకే పొద్దున నాన్నతో అద్దంకి వెళ్లి, మూతపడిన పత్తి జిన్నింగ్ మిల్లులో పాతది చూశాను. తుపాకీ గొట్టం మొత్తం పట్టేంత పొడుగైన బెడ్, అంటే అడుగున ఉండే ఇనుప పీఠం. నాన్న మురిసిపోయి మిల్లు యజమాని సుబ్బయ్య గారికి అక్కడికక్కడే మాటిచ్చేశాడు. నేను కొలిచి చూశాను. ఏళ్ల తరబడి పనంతా ముక్కని బిగించే చక్ పక్కనే జరిగి, బెడ్ అక్కడ అరిగిపోయింది. మా సన్నపని జరగాల్సిందీ అక్కడే. పత్తి రోలరుకైతే వెంట్రుకవాసి తేడా లెక్కలోకి రాదు.

బస్సులో ఆ మాటే చెప్పాను.

"మీ తాత నాటి నుంచీ చేస్తున్నాం, మాకు తెలీదంటావేంటే? ఇచ్చిన మాట వెనక్కి తీసుకుని ఆయనకి మొహం ఎలా చూపించను?"

మొహం సంగతి సరే. బ్యాంకు గార్డు వెంకట్రావు గారు మేం బాగుచేసిన తుపాకీని చెంపకు ఆనించి పేలుస్తారు. ఆ అరిగిన లేత్ మీద నేను చెక్కిన ముక్క అందులో సరిగా కూర్చోకపోతే, ఆయన కళ్లు... నాన్న చేతులు వణుకుతున్నాయి, ఇకపై లేత్ ముందు నిలబడేది నేనే. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాదేం?

రేపు పొద్దున్నే సుబ్బయ్య గారికి నేనే ఫోన్ చేసి, ఆ లేత్ మాకొద్దని చెబుతాను.