తెగిన చీటీ

శ్రీనగర్

పష్మీనా పరీక్షా కేంద్రం అధికారి గారికి సలాం.

మా శాలువాకు మీరు అతికించిన 'అసలుది' అనే చీటీ తెగిపోయిందనీ, అది లేనిదే వ్యాపారి కొననంటున్నాడనీ, ఇంకొకటి ఇప్పించమనీ పోయిన వారం అర్జీ పెట్టాను. దయచేసి ఆ అర్జీ రద్దు చేయండి.

చీటీ దానంతటది తెగలేదు. ఆ నూలు వడికిన మా అత్తగారు ఫాజీ గారే కత్తెరతో కోసేశారు. చూపు ఆనక కోశారేమో అనుకున్నాను. కాదట.

"చీటీ ఉన్నంతసేపూ అది కొట్టు సరుకే," అన్నారు ఉప్పు టీ ఊదుకుంటూ. "నేను వడికినవన్నీ ఎవరెవరి భుజాల మీదికో పోయాయి. ఇక నా వేళ్ళు సాగవు. ఈ ఆఖరిది నీకు."

"ఆ మాట నోటితో చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"చెబితే నెల్లాళ్ళు ఆలోచించి, చివరికి అమ్మేసేదానివి. నీ సంగతి నాకు తెలీదూ?"

నిజమే. ఈ ఉత్తరం రాయడం సబబేనా అని కూడా పొద్దుటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. వ్యాపారికి మాత్రం రావద్దని కబురు పంపేశాను.

శాలువా అసలుదేనండీ, ఇక చీటీ అక్కర్లేదు. కప్పుకుని రాస్తుంటే చెమటలు పడుతున్నాయి. తీద్దామంటే ఆవిడ ఎదురుగానే కూర్చున్నారు.

ఇట్లు,
మీ అర్జీదారు