బట్టమేక గుడ్డు చుట్టూ కంప

ఫిబ్రవరి 9, ఆదివారం

జింకలు మళ్లీ వెంకటన్న శనగ చేను మేసేశాయి. గడివేముల దారిలో నన్ను నిలబెట్టేశాడు.

"అడివి వాచర్‌వి నువ్వే కదప్పా. నీ జింకలు నా పొట్ట కొడ్తాండాయి. ముందర బట్టమేక పిట్టలుండె. చేన్లో మిడతల్ని ఏరుకొని తింటాండె. అవన్నీ యాడికి పాయె?"

అతని వెంట చేనికి వెళ్లాను. అతను చేను చుట్టూ ముళ్లకంప వేస్తుంటే సాయం పట్టాను.

మా అటవీ శాఖ ఇక్కడి గడ్డిని కాచింది ఆ పిట్టల కోసమే. పెరిగింది మాత్రం జింకలు. కొన్నేళ్ల కిందట ఆ గడ్డిలో ఆఖరి గుడ్డు చూసింది నేనే. వట్టి నేల మీద ఒకే ఒక్క గుడ్డు. జింకల మంద తొక్కేస్తుందని భయపడి దాని చుట్టూ ఇలాగే కంప పెట్టాను. పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను. తల్లి పిట్ట దూరంగా నిలబడి కంప వైపే చూసింది. మూడు రోజులు కాపు కాశాను. దగ్గరికి రాలేదు. ఆ తర్వాత ఇక్కడ బట్టమేక నా కంటబడలేదు. ఈ సంగతి ఆఫీసులో చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు.

ఇవాళ చేను దగ్గర కంప మోస్తూ మోస్తూ ఆగిపోయాను.

"ఏందప్పా, ముల్లు గుచ్చుకునిందా?" అన్నాడు వెంకటన్న.

అవునన్నాను.