గొట్టం తీసిన రోజు

బొబ్బిలి,
సోమవారం.

వదినగారికి,

మీ నాన్నగారి ముక్కులో గొట్టం నిన్న తీసేశారు. పక్షవాతంతో నోట మాట పోయినప్పటి నుంచీ జావ, పప్పుకట్టు నేనే పలచగా కాచి, వడగట్టి, ఆయన్ను తల ఎత్తి కూర్చోబెట్టి గొట్టంలో పోస్తూ వచ్చాను. నా కాపురంలో నా వంటకు ఆయన వంక పెట్టని రోజులు అవే.

మధ్యలో మీరొచ్చి, నాన్నకు ఇష్టమని ముక్కల పులుసు మిక్సీలో తిప్పి పోశారు. గొట్టం పూడుకుపోయింది. కొత్తది వేయడానికొచ్చిన నర్సు ఝాన్సీ, "ఇంత సిక్కటిది ఎవులు పోసినారమ్మా?" అని అడిగితే మీరు నా వైపు చూశారు. పెద్దవారని నేను ఊరుకున్నాను.

నిన్న ఝాన్సీ దగ్గరుండి మెత్తటి అన్నం నోటికి పెట్టించింది. మొదటి ముద్ద మింగి, మామగారు నన్ను చూసి, అందరికీ వినపడేలా, "ఉప్పు సాల్నేదు" అన్నారు. మాట వచ్చిందని అత్తగారు, మీ తమ్ముడు ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

మీరు తప్పకుండా రండి. ముక్కల పులుసు మీరే చేసి పెడుదురుగాని. ఎలా ఉందో ఈసారి ఆయనే చెబుతారు.

మీ మరదలు