తొమ్మిదో గది తలుపు

బళ్ళారి,
3 మార్చి 2025

తొమ్మిదో నంబరు గదిలో ఉంటున్నవారికి,

నమస్కారం. ఈ లాడ్జి మా పెదనాన్నది. ఆయన పోయాక ఆరు నెలలుగా నేను నడుపుతున్నాను. మీరు దయ్యమని అందరూ అంటారు. ఉత్తరంలో ఆ మాటతో పిలవడం మర్యాద కాదు గనుక 'ఉంటున్నవారు' అన్నాను.

పోయిన నెల ముగ్గురు మీ గది వదిలి పరిగెత్తారు. మీరు ఎవరినీ ఏమీ చేయరు, ఒప్పుకుంటాను. కానీ స్నానం చేసి వచ్చేసరికి విడిచిన ప్యాంటు చక్కగా మడతపెట్టి ఉంటే ఎవరికైనా గుండె జారుతుంది. జీన్స్ వ్యాపారి తెచ్చిన యాభై ప్యాంట్లనూ సైజుల వారీగా సర్దిపెట్టారట. ఆయన చెప్పులు ఇంకా ఇక్కడే ఉన్నాయి. గదులు ఊడ్చే కొట్రమ్మ మాత్రం మీ పక్షమే. "నాకన్నా శుభ్రంగా చేస్తాడక్కా, జీతం మాత్రం నాకే ఇయ్యల్ల" అంటుంది.

మా అన్న జగదీశ్‌కు ఇందులో సగం వాటా. "ఆ గదిలో ఎవురూ పండుకోరు, ఈ లాడ్జి ఏంటికి మనకు? అమ్మేద్దాం" అని పట్టుబట్టాడు. ఇరవయ్యో తారీఖున కొనే మనిషిని తెస్తాడు. లాడ్జి పోతే నాకు పనీ పోతుంది, తలదాచుకునే చోటూ పోతుంది. దయచేసి మీరు వేరే చోటు చూసుకోండి.

జవాబు రాస్తే తలగడ కింద పెట్టండి.

ఇట్లు,
రజని

గది నం. 9,
4 మార్చి

గౌరవనీయులైన రజనిగారికి,

ఇరవై ఎనిమిదేళ్ళలో నాకు వచ్చిన మొదటి ఉత్తరం ఇది. నాలుగుసార్లు చదివి జాగ్రత్తగా మడతపెట్టాను. మడతపెట్టడం నా జబ్బు, క్షమించాలి.

నా పేరు మోహన్‌కృష్ణ. తెక్కలకోట దగ్గర వలస రైతుల క్యాంపు మాది. మా తాతలు గుంటూరు వైపు నుంచి కాలువ నీళ్ళ కోసం వచ్చి ఇక్కడ వరి వేశారు. 1997లో, ముప్పై ఒక్కేళ్ళ వయసులో, పెళ్ళిచూపులకని బళ్ళారి వచ్చి ఈ గదిలో దిగాను. కంగారు తగ్గుతుందని మిర్చి బజ్జీలు తిన్నాను. ఎనిమిది దాకా బాగానే ఉంది. తొమ్మిదోదానితో గుండె ఆగింది. పెళ్ళివారు సాయంత్రం దాకా ఎదురుచూసి ఉంటారు. ఆ సిగ్గు ఇంకా పోలేదు. వేసుకుందామని మడతపెట్టి ఉంచిన చొక్కా మీదే నా ప్రాణం ఉండిపోయింది.

ఒక సందేహం అండి. నా తలుపు మీద ఎర్ర రంగుతో కన్నడంలో ఏదో రాయించారు. క్యాంపు బళ్ళో మాకు తెలుగే చెప్పారు. కన్నడం మాట్లాడతాను, చదవలేను. 'స్వాగతం' అనుకుంటున్నాను. తలుపేమో రమ్మంటోంది, ఉత్తరమేమో పొమ్మంటోంది. దేన్ని నమ్మమంటారు?

మీ విధేయుడు,
మోహన్‌కృష్ణ

బళ్ళారి,
12 మార్చి

మోహన్‌కృష్ణగారికి,

వారం రోజులుగా రాయలేకపోయాను. తలుపు మీద ఉన్నదే నమ్మండి.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. మా బళ్ళారికి రెండే కాలాలు, ఎండాకాలం, మరీ ఎండాకాలం. కౌంటరు దగ్గర కునుకు తీస్తుంటే నా తల మీద ఫ్యాను తిరిగింది. వీధి మొత్తంలో తిరిగిన ఫ్యాను అదొక్కటే. నేను కళ్ళు తెరవలేదు, తెరిస్తే మీరు ఆపేస్తారని. నాకు ముప్పై ఆరేళ్ళు. నేను అడక్కుండా నాకు గాలి తగలాలని చూసిన మనిషి ఇన్నేళ్ళలో లేడు. మనిషి అన్నందుకు ఏమీ అనుకోకండి.

వయసులో మీరు నాకంటే ఐదేళ్ళు చిన్న. పుట్టిన సంవత్సరం చూస్తే ఇరవై మూడేళ్ళు పెద్ద. అందుకే 'గారు' అలాగే ఉంచుతున్నాను.

మీరు వెళ్ళొద్దు. కొనడానికి వచ్చే సుబ్బరామిగారిని మీ గదిలోనే దించుతాను, భయపెట్టండి. లారీలు తిప్పే మనిషి, గుండె గట్టిదే. మొహమాటపడకండి.

రజని

గది నం. 9,
21 మార్చి

రజనిగారికి,

చేతకాలేదండి. గ్లాసు పగలగొడదామనుకుని, పాపం కొట్రమ్మ ఊడ్చుకోవాలి గదా అని ఆగాను. మూలిగాను. ఆయన గురకలో నా మూలుగు నాకే వినబడలేదు. చివరికి దుప్పటి లాగాను. ఉక్కగా ఉందేమో, నిద్రలోనే హాయిగా నవ్వాడు. పొద్దున లేచి మీ అన్నగారితో, "పదేండ్లయ్యిందప్పా ఇట్లా నిద్రపోయి! రేపే సంతకాలు పెట్టుకుందాం" అన్నాడు.

బయటికెళ్తూ తలుపు చూసి నవ్వాడు. "ఇదేందప్పా, 'నాళె బా' అని రాసుండారు! రేపు రా అంటే దయ్యం అది చదువుకొని దినామూ ఎనక్కి పోతాదంట!"

రేపు రా. మా నాన్న పొలం పట్టా కోసం తిరిగినన్నాళ్ళూ ఆఫీసుల్లో ఆయనకు చెప్పిన మాట ఇదే. దాని అర్థం నాకు బాగా తెలుసు.

తలుపు మీద ఉన్నదే నమ్మమన్నారు. నమ్ముతున్నాను. చాలా బాధగా ఉంది. రైల్వేస్టేషనులో ఒకటో ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద ఉంటాను. దుప్పట్లన్నీ మడతపెట్టే వెళ్తున్నాను.

మోహన్‌కృష్ణ

బళ్ళారి,
29 మార్చి

ప్రియమైన మోహన్‌కృష్ణగారికి,

అబద్ధం చెప్పాను. ఆ రాత నేనే రాయించాను, మీరెవరో తెలియకముందు. తెలిశాక చెరిపిస్తే మీరు ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి. ఆ సిగ్గుతో ఊరుకున్నాను. తప్పు నాదే.

సంతకం పెట్టలేదు. అన్న ముందు ఏనాడూ నోరెత్తని దాన్ని, ఆ రోజు ఎత్తాను. "ఎవురూ పండుకోరంటివే, కొనేకొచ్చిన మనిషే గుర్రుపెట్టి నిద్రపోయె. ఇంక అమ్మేదేంటికన్నా?" అన్నాను. "ఆయమ్మ చెప్పేది న్యాయమే కదప్పా" అని సుబ్బరామిగారే ఒప్పుకుని, వచ్చే వారానికి అదే గది కావాలన్నారు. ఆయన భయపడి పారిపోయి ఉంటే అన్న ఇంకొకరిని తెచ్చేవాడు. మీ చేతకానితనమే నన్ను నిలబెట్టింది.

కానీ ఎనిమిది రోజులుగా ఇక్కడ ఒక్క దుప్పటీ సరిగ్గా లేదు. కరెంటుతో పాటే నా ఫ్యానూ ఆగిపోతోంది. చివరి బెంచీ దగ్గర తువ్వాళ్ళు వాటంతటవే మడతపడుతున్నాయని స్టేషను కూలీలు చెప్పుకుంటుంటే కడుపు మండింది. అవి మా లాడ్జి మడతలు. "ఆయప్ప పోయినాక నువ్వు కూడు సరిగ్గ తింటాండావా అక్కా?" అని కొట్రమ్మ అడిగింది. తినడం లేదు. నాకు మీరు కావాలి. బతికున్నవాళ్ళెవరికీ నేను ఈ మాట రాయలేదు.

తలుపు గీకించి మళ్ళీ రాయించాను. ఈసారి తెలుగులో. నేను చెబితే నమ్మరు, మీరే వచ్చి చదువుకోండి. ఈ ఉత్తరంతో పాటు బెంచీ మీద తొమ్మిది మిర్చి బజ్జీలు పెట్టి వస్తున్నాను. భయపడకండి, ఇంక పోయేదేముంది?

మీ
రజని

గది నం. 9,
అదే సాయంత్రం

ప్రియమైన రజనికి,

'ఈ పొద్దే రా.' చదివాను. వచ్చాను.

ఆ చొక్కా మడత ఇవాళ విప్పి వేసుకున్నాను. పెళ్ళిచూపులకు ఇరవై ఎనిమిదేళ్ళు ఆలస్యమైంది, కోప్పడకండి. ఎనిమిది బజ్జీల వాసన చూశాను. తొమ్మిదోది మీకని ఇక్కడికి తెచ్చి ఉంచాను. చల్లారకముందే పైకి రండి.

మీ
మోహన్‌కృష్ణ